చిన్న లైను ఫొటోలు దాచుకుందాం

(రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఇళ్ళల్లో ఉన్న పాత రైలు ఫొటోలు తెమ్మని మేము కబురు పెట్టాం. కొందరు నవ్వారు. "యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడుతున్నం, మీకు రైలు ఫొటోలు కావాల్నా?" అని ఒక పెద్దాయన మొహం మీదే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మీరు తెచ్చిన ఫొటోలను ఆ గోడ మీద దారం కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో తగిలించాం. పొద్దున్నుంచి చూస్తున్నాం, ఆ దారం దగ్గర జనం పలచబడటం లేదు. నవ్విన పెద్దాయన కూడా అక్కడే ఉన్నారు. ఒక ఫొటో ముందు నిలబడి, "ఈ వాగు మాదే, అయితే అప్పుడు ఇంత వెడల్పుండె" అని పక్కనున్న పిల్లగాడికి చేతులు చాపి చూపిస్తున్నారు. మేము చెప్పదలచుకున్న మాట సగం ఆయనే చెప్పేశారు.

ముందు కుర్రవాళ్ళ కోసం ఆ లైను సంగతి చెప్పుకుందాం. ఇప్పుడు మన ఊళ్ళ మీదుగా పోయే పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. పాత లైనులో ఆ ఎడం 1,000 మిల్లీమీటర్లు, సరిగ్గా ఒక మీటరు. అందుకే దాన్ని మీటర్ గేజ్ అన్నారు. మనవాళ్ళకు అది చిన్న లైను. సికింద్రాబాదులో మొదలై కాచిగూడ, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి రోడ్ దాటి, కృష్ణ మీదుగా గద్వాల చేరి, ఆలంపూర్ రోడ్ దాటాక తుంగభద్ర మీదుగా కర్నూలుకు, అక్కడి నుంచి ద్రోణాచలానికి పోయేది. పాలమూరు జిల్లాను ఉత్తరం నుంచి దక్షిణం దాకా కుట్టిన దారం లాంటిది ఆ లైను.

అది నిజాం కాలపు లైను. కాచిగూడ స్టేషను భవనం 1916లో కట్టింది. నిజాం రాజ్యంలో రైళ్ళు నడిపిన కంపెనీ పేరులోనే 'గ్యారంటీడ్' అనే మాట ఉండేది. అంటే రైలుకు లాభం వచ్చినా రాకపోయినా, పెట్టుబడి పెట్టినవాళ్ళకు వడ్డీ మాత్రం ముట్టజెపుతామని సర్కారు హామీ ఇచ్చిందన్నమాట. సర్కారు ఖజానాకు పెద్ద ఆదాయం ఎక్కడిది? భూమి శిస్తు. ఆ హామీ బరువు చివరికి నాగలి పట్టినవాడి మీదే పడింది. 1930లో ఆ రైల్వేను కంపెనీ నుంచి నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1950లో అది భారత ప్రభుత్వం చేతికి వచ్చింది, 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. దేశమంతటా ఒకే వెడల్పు పట్టాలుండాలని 1992లో యూనిగేజ్ పథకం మొదలుపెట్టారు. ఆ దశాబ్దంలోనే మన చిన్న లైను పెద్ద లైను అయింది. చిన్న బండి మళ్ళీ కూత పెట్టలేదు.

నల్లగొండ సభ్యులు "మాకు చిన్న లైను ఎక్కడిది?" అనవచ్చు. నిజమే, భువనగిరికి కాజీపేట లైను ఉండేది గానీ నల్లగొండ పట్టణానికి రైలు వచ్చింది బీబీనగర్ నుంచి నడికుడికి లైను వేసిన తర్వాతే. అది మొదటి నుంచీ పెద్ద లైనే. అయినా ఇవాళ మేము చెప్పబోయే దాంట్లో నల్లగొండ పాలు తక్కువేమీ లేదు. కాసేపట్లో అక్కడికే వస్తాం.

పాత ఇంజన్లంటే ప్రాణం పెట్టే మనుషులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. మన దగ్గర మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లు మూలపడే కాలంలో కొందరు సముద్రాలు దాటి వచ్చి, ఎండలో గట్ల వెంట నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఇంజను రకం, నంబరు, అది ఏ షెడ్డుది, ఏ తేదీన ఏ స్టేషను దాటింది, అన్నీ రాసిపెట్టుకునే అలవాటు వాళ్ళది. ఆ శ్రద్ధ మనం నేర్చుకోవలసిందే. ఎందుకంటే ఆ గోడ మీదున్న మన ఫొటోల్లో చాలావాటి వెనుక ఒక్క అక్షరం లేదు. ఏ ఊరో, ఏ ఏడో, తెచ్చినవాళ్ళకే తెలియదు.

అయితే వాళ్ళ ఫొటోల్లో లేనిది మన ఫొటోల్లో ఉంది. వాళ్ళ కెమెరా ఇంజనును చూసింది. మన ఇళ్ళల్లో ఫొటోలకు రైలు అంత ముఖ్యం కాదు. పెళ్ళివాళ్ళు స్టేషనులో దిగారు, పట్నం నుంచి వచ్చిన చుట్టం మెడలో కెమెరా ఉంది, "నిలబడండి" అన్నాడు, నిలబడ్డారు. పెళ్ళికొడుకు వెనుక గూడ్సు షెడ్డులో పల్లికాయ బస్తాలు పడ్డాయి. బస్తాల పక్కన కాడి దించిన ఎడ్లబండ్లు పడ్డాయి. ఇంకో ఫొటోలో కురుమూర్తి జాతరకు పోయే జనం, వాళ్ళ వెనుక గేటు, గేటు అవతల జొన్న చేను. మరో దాంట్లో వాగులో ఈత కొడుతున్న పిల్లలు, వాళ్ళ తల మీద రైలు వంతెన. ఫొటో తీసినవాడు వంతెనను తీయలేదు, పిల్లల్ని తీశాడు. కానీ వంతెనకు ఎన్ని ఖానాలున్నాయో, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో, ఇవాళ మనం లెక్కపెట్టుకోవచ్చు.

ఆ దారం దగ్గర పొద్దున్నుంచి వినిపించిన మాటలు కొన్ని చెబుతాం. సీతాఫలాల కాలంలో బాలానగర్ దిక్కు గుట్టల మీద కోసిన కాయలు గంపల్లో రైలెక్కి పట్నం పోయేవని ఒక అక్క చెప్పింది. ఇవాళ దేశమంతా తోటల్లో పెంచే సీతాఫలం రకానికి 'బాలానగర్' అనే పేరుంది. ఆ పేరు మన ఊరిదే. పల్లికాయ బస్తా బాదేపల్లి మార్కెట్టుకు బండి మీద వచ్చి, అక్కడి నుంచి రైలెక్కిన సంగతి ఇద్దరు ముగ్గురు చెప్పారు. మన్యంకొండ మొక్కుకు, తిరుపతి మొక్కుకు ఇదే బండి అని ఒక అవ్వ అంది. "రైలు కూత విని మోట ఆపేటోళ్ళం" అని ఒక తాత అన్నాడు. చేతికి గడియారం లేని కాలంలో పొలానికి గడియారం ఆ రైలే.

అట్లని ఆ కాలాన్ని బంగారు కాలం అనుకోవద్దు. చిన్న లైను మెల్లగా నడిచేది. పెద్ద లైనుతో కలిసే చోట వ్యాగను ముందుకు పోలేదు. హమాలీలు ఇటు దించి అటు ఎక్కించాలి, ఆ దించుడు ఎక్కుడులో బస్తా చిరిగితే నష్టం రైతుది. పెద్ద లైను వచ్చాక ఆ బాధ తప్పింది. దూరపు రైళ్ళు వచ్చాయి. దాన్ని కాదనడం లేదు.

ఆ గోడ మీద లేని ఫొటో కూడా ఒకటుంది. నెత్తి మీద మూట, చంకలో బిడ్డ, చేతిలో సత్తు గిన్నె పట్టుకుని మేస్త్రీ వెనుక ప్లాట్‌ఫారం మీద కూర్చున్న కుటుంబం ఫొటో. పాలమూరు లేబర్ అనే పేరు దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్ కట్ట మీద, ఎన్నో రాష్ట్రాల ఆనకట్టల కింద, కాలువల్లో, రోడ్ల మీద మన జిల్లా చెమట ఉంది. పక్కనే కృష్ణ పారుతుంటే పొలం ఎండబెట్టుకుని, పరాయి పొలాలకు నీళ్ళు పారించే మట్టి పని చేయడానికి ఈ రైళ్ళల్లోనే, తర్వాత బస్సుల్లో పోయారు. అప్పు తీసుకుని పోయే మనిషి ఫొటో ఎందుకు దిగుతాడు? అందుకే ఆ ఫొటో ఎవరి ఇంట్లోనూ లేదు. ఫొటో లేనిచోట మాట రాసుకోవాలి. ఈ పని మొదలుపెట్టడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం నీళ్ళు.

1956 సెప్టెంబరు మొదట్లో జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య ఈ చిన్న లైను మీది వంతెన రైలు కింద కూలింది. వంద మందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోతే ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులోనే తమిళ దేశంలో అరియలూరు దగ్గర మరో రైలు వరదకు బలయ్యాక శాస్త్రి మళ్ళీ రాజీనామా చేశారు, ఈసారి అంగీకరించారు. శాస్త్రి రాజీనామా గురించి పిల్లలకు బడిలో చెబుతారు. దానికి ముందు మన పాలమూరు వంతెన ఉందని మన పిల్లలకే తెలియదు.

దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2005 అక్టోబరు 29న, నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర అదే జరిగింది. విపరీతమైన వానకు చెరువు తెగి, ఆ నీళ్ళు మీద పడి చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాదు పోతున్న డెల్టా ప్యాసింజర్ పట్టాలు తప్పి నీళ్ళల్లో పడింది. ఇక్కడా వంద మందికి పైగా పోయారు. నల్లగొండ సభ్యుల్లో ఆ పొద్దు తాళ్ళు పట్టుకుని వాగులోకి దిగినవాళ్ళు ఉండే ఉంటారు.

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరద పట్టాల కింది కట్టను కోసేసింది. పట్టాలు గాలిలో వేలాడిన ఫొటోలు మీరంతా చూశారు. ఆ చోట ప్రాణనష్టం జరగలేదు, ఎందుకంటే రైళ్ళను ముందే ఆపారు.

మూడు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే. రైలు కట్ట అంటే ఏమిటి? వాలుకు అడ్డంగా వేసిన గట్టు. మన ప్రాంతం మెట్ట. గొలుసుకట్టు చెరువుల దేశం ఇది. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. అది దూకితే ఆ కిందిది. ఆ గొలుసుకు అడ్డంగా మైళ్ళ కొద్దీ గట్టు వేస్తే, నీళ్ళు పోవడానికి వదిలిన ఖానా ఎంత వెడల్పో అదే ప్రాణం. వాన తక్కువైన ఏళ్ళలో చూసి ఈ వాగులో ఏముంది, రెండు పైపులు చాలు అనుకుంటారు. ఆ వాగు ఇరవై ఏళ్ళకోసారి ఎట్లా వస్తుందో చూసినవాడు ఆ ఒడ్డున దున్నే రైతు. నీళ్ళు తన చింతచెట్టు మొదలు దాకా వచ్చిన ఏడు అతను మరచిపోడు. కానీ ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు. అతను పోతే ఆ లెక్క అతనితోనే పోతుంది.

ఇక్కడ ఒక చట్టం మాట జాగ్రత్తగా వినండి. 1989 నాటి రైల్వే చట్టంలో 16వ సెక్షన్ ఉంది. పట్టాల పక్కన భూములున్నవాళ్ళ సౌకర్యం కోసం దాటే బాటలు, వంతెనలు, తూములు, కాలువలు రైల్వే కట్టాలి, కట్టి బాగుచేస్తూ ఉండాలి అని అది చెబుతుంది. నీళ్ళ సంగతిలో కొలత కూడా చెప్పింది: లైను వేయక ముందు ఆ భూముల్లోకి, భూముల్లోంచి నీళ్ళు ఎంత సాఫీగా పారేవో, లైను వేశాక కూడా అన్ని కాలాల్లో వీలైనంత వరకు అంతే సాఫీగా పారేటంత కొలతల్లో కట్టాలి.

లైను వేయక ముందు నీళ్ళు ఎట్లా పారేవి? దీనికి సాక్ష్యం ఎవరి దగ్గరుంది? ఆఫీసులో నక్షా ఉంటుంది. నక్షాలో వాగు ఒక గీత. మన ఇంట్లో ఫొటో ఉంటుంది, మన అవ్వ నోట్లో మాట ఉంటుంది. "ముందు ఎట్లుండె" అనేది రుజువు చేయగలిగినవాడికే ఈ చట్టం పనికొస్తుంది. అందుకే పాత ఫొటోను పాత ఫొటో అనుకోకండి. అది పహాణీ నకలు లాంటిది.

ఆ చట్టంలోనే ఒక మెలిక కూడా ఉంది. లైను మీద ప్రజల రాకపోకలు మొదలైన రోజు నుంచి పదేళ్ళు దాటితే, ఇంకో తూము కట్టండి, ఇంకో బాట ఇవ్వండి అని రైల్వే ఖర్చుతో చేయించలేం. ఆ తర్వాత కావాలంటే 17వ సెక్షన్ కింద భూమి యజమానో, రాష్ట్ర ప్రభుత్వమో, స్థానిక సంస్థో ఖర్చు భరించి అడగాలి. ఇంకొకటి, ఒక సౌకర్యం వద్దని ఒప్పుకుని దాని బదులు పరిహారం తీసుకుంటే, మళ్ళీ ఆ సౌకర్యం అడిగే హక్కు ఉండదు. సంతకం పెట్టే ముందు చదివించుకోండి.

ఇప్పుడు లెక్క వేయండి. గద్వాల నుంచి రాయచూరు లైను మీద రైళ్ళు మొదలైంది 2013లో. పదేళ్ళు అయిపోయాయి. మక్తల్ దిక్కు జక్లేరు నుంచి కృష్ణ దాకా 37 కిలోమీటర్ల కొత్త లైనును ప్రారంభించింది 2023 అక్టోబరు 1న. ఆ ఒడ్డున ఉన్న రైతులకు 2033 దాకా గడువుంది. ఏ చేనులో నీళ్ళు నిలుస్తున్నాయి, ఏ బాట మూసుకుపోయింది అనేది ఈ ఏళ్ళలోనే ఫొటో తీసి, తేదీ రాసి, దరఖాస్తు పెట్టాలి. మన తాతలు అనుకోకుండా తీయించుకున్న ఫొటోలు ఇవాళ మనకు పనికొస్తున్నాయి. మనం తెలిసి తీయించుకోవాలి. జేబులో ఫోను ఉంది, కెమెరా కోసం పట్నం చుట్టాన్ని ఎదురుచూడాల్సిన పని లేదు.

మూడో కారణం బండి బాట.

గేటు ఫొటో చూశారు కదా. గేటు దగ్గర ఆగిన ఎడ్లబండ్ల వరుస చూడండి. ఆ బాట లైను కంటే పాతది. ఊరు నుంచి చేనుకు, చేను నుంచి సంతకు తాతల నాడు పడిన బాట అది. లైను దాని మీదుగా వచ్చింది గానీ, అది లైను మీదికి రాలేదు. కాపలా లేని గేట్లను తీసేయడం మంచిదే, అందులో మాకు రెండో మాట లేదు. 2014 జులైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర బడి బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు పోయిన తర్వాత ఎవరూ రెండో మాట అనలేరు. అయితే గేటు తీసేసిన చోట దాని బదులు ఏమిచ్చారు? చాలా చోట్ల పట్టాల కింద నుంచి బాట తవ్వారు. ఎండాకాలం అది బాట. వానాకాలం కుంట. వరి కోత మిషను పైకప్పు దానికి తగులుతుంది. పత్తి బోరాలు ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు దూరదు. చుట్టు తిరిగి పోతే డీజిలు ఖర్చు, కిరాయి ఖర్చు రైతువి. ఎకరం కోతకు గంట లెక్కన కిరాయి కట్టేవాడికి ఆ చుట్టు దూరం ఎంతో తెలుసు.

సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ దాకా రెండో లైను 2023లో పూర్తయి ప్రారంభమైంది. రైళ్ళ వేగం పెరిగింది, సంఖ్య పెరిగింది. మంచిదే. రెండో లైను వచ్చినా, కొత్త లైను వచ్చినా, ఆ బాటలో ఏ బండి నడుస్తుందో, ఎంత ఎత్తున నడుస్తుందో, వానకు ఎన్ని రోజులు ఆగుతుందో గీత గీసేముందు అడిగించుకోవడం మన పని. ప్రత్యేక ప్రాజెక్టు కింద భూమి తీసుకునేటప్పుడు రైల్వే చట్టం 20-ఎ సెక్షన్ కింద ప్రకటన ఇస్తారు, తెలుగు పత్రికలో కూడా వేస్తారు. ప్రకటన వచ్చిన 30 రోజుల్లోపు 20-డి సెక్షన్ కింద రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. ముప్పై రోజులంటే ఎంత? ఒక కలుపు తీసి ఇంకో కలుపుకు వచ్చేలోపు అయిపోతుంది. అప్పటికప్పుడు సాక్ష్యం వెతికితే దొరకదు. ముందే పోగేసి పెట్టుకోవాలి.

గద్వాల నుంచి మాచర్లకు లైను కావాలని మన పెద్దల కాలం నుంచి అడుగుతున్నాం. నాగర్‌కర్నూలు, అచ్చంపేట, దేవరకొండ వాళ్ళకు ఇవాళ్టికీ ఊళ్ళో రైలు లేదు. సూర్యాపేటకు లేదు. లైను రావాలి. దాని కోసం కొట్లాడదాం. కానీ వచ్చే లైను మన చెరువుల గొలుసు తెంపకుండా రావాలి. "రైలొస్తుంది కదా, నోరు మూసుకోండి" అంటే కుదరదు.

నాలుగో కారణం ఆ గూడ్సు షెడ్డు.

పెళ్ళి ఫొటోలో వెనుక కనిపించే షెడ్డును మళ్ళీ చూడండి. పది బస్తాలవాడు, పది గంపలవాడు కూడా చిన్న స్టేషనులో సరుకు బుక్ చేసుకోగలిగిన కాలం అది. రైల్వే మెల్లమెల్లగా చిన్న సరుకు వదిలేసింది. ఇవాళ సరుకు బండి అంటే రేకు. ఒక రేకులో నలభైకి పైగా వ్యాగన్లు, రెండు వేల టన్నులకు మించిన సరుకు. యూరియా అట్లనే వస్తుంది, మిల్లు బియ్యం అట్లనే పోతాయి. రేకు నింపగలిగేది కంపెనీ, మిల్లరు, ప్రభుత్వం. రైతు నింపలేడు. నల్లగొండ బత్తాయి ఢిల్లీ దాకా లారీ మీదే పోతుంది. లారీ కిరాయి ఎంతంటే అంత, దళారి ధర ఎంతంటే అంత.

చిన్న సరుకు రైలెక్కడం ఈ కాలంలో కుదరని పనా? కాదు. 2020 ఆగస్టు 7న మహారాష్ట్ర దేవలాలి నుంచి బీహారు దానాపూరుకు మొదటి కిసాన్ రైలు నడిచింది. సెప్టెంబరు 9న మన పొరుగున అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో ఇంకోటి బయలుదేరింది. దారిలో ఆగే స్టేషన్లలో కొద్ది కొద్దిగా సరుకు ఎక్కించుకోవడమే ఆ రైలు పద్ధతి. అంటే చిన్న లైను గూడ్సు షెడ్డు చేసిన పనే, కొత్త పేరుతో. అనంతపురం పండ్లకు సాధ్యమైంది నల్లగొండ బత్తాయికి, పాలమూరు మామిడికి ఎందుకు కాదు? ఈ మాట అడగడానికి ఆ పెళ్ళి ఫొటో మనకు ధైర్యం ఇస్తుంది. "ఇక్కడ ఎప్పుడూ లేదు" అనేవాడికి "ఇదిగో ఉండె" అని చూపించవచ్చు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాం. కష్టమైనది కాదు.

ఇంటికి పోయాక ఫొటో వెనుక పెన్సిలుతో మెల్లగా రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే ముందు భాగం మీద గీతలు పడతాయి. ఏ ఊరు, ఏ స్టేషను, ఏ ఏడు. ఏడు తెలియకపోతే "పెద్దోడు పుట్టిన ఏడు", "చెరువు తెగిన ఏడు" అని రాసినా చాలు, తర్వాత లెక్క తేల్చుకుంటాం. ఫొటో తీసినవాడు ఎటు మొహం పెట్టి నిలబడ్డాడో రాయండి, తూర్పుకా, ఉత్తరానికా. దాన్నిబట్టే వాగు ఎటుందో, బాట ఎటుందో తెలుస్తుంది. ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లు రాయండి. ముఖ్యంగా ఆడవాళ్ళ పేర్లు. "పటేలు భార్య" అని కాదు, ఆమె పేరు.

ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి, ఫోనులో రికార్డు చేయండి. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినయి? బాట ఎటుండె? సరుకు ఏది, ఎట్ల పోయె? మన ఊళ్ళకెళ్ళి ఈ లైను మీద మట్టి పనికి, కంకర పనికి, గ్యాంగులో పనికి ఎవరు పోయిండ్రు? ఈ చివరి ప్రశ్న మరచిపోకండి. కడుపు మాడ్చుకుని కట్ట పోసినవాళ్ళ పేర్లు ఏ స్టేషను గోడ మీదా ఉండవు.

అసలు ఫొటో మీ దగ్గరే ఉంచుకోండి. మాకు నకలు ఇవ్వండి. ఒక నకలు సంఘంలో, ఒకటి ఊరి గ్రంథాలయంలో ఉండాలి. వచ్చే గ్రామసభలో మీ ఊరి వాగుల జాబితా, బాటల జాబితా చదివి, తీర్మానం చేయించి, పుస్తకంలో రాయించండి. గ్రామసభ తీర్మానంతో పాటు జతచేసిన ఫొటోకు ఉన్న బలం వేరు.

మొదట అడిగిన పెద్దాయన ప్రశ్నకు ఇదే మా జవాబు. ఫొటో యూరియా ఇవ్వదు. కానీ యూరియా బస్తా ఊరికి వచ్చే బాట, పండిన పంట ఊరు దాటే బాట, వాన నీళ్ళు చేను దాటే బాట, ఈ మూడూ ఏవో మనమే చెప్పకపోతే, వాటిని ఎప్పుడూ చూడనివాళ్ళు కాగితం మీద గీస్తారు. గీసిన తర్వాత మనం మొత్తుకుంటాం.

ఇవాళ కాచిగూడ నుంచి బెంగళూరు దిక్కు పోయే వందేభారత్ బాలానగర్, కౌకుంట్ల, కురుమూర్తి స్టేషన్ల మీదుగా కూత పెట్టుకుంటూ ఆగకుండా పోతుంది. అది చూసి మురిసిపోయే పిల్లలున్నారు, మురవనివ్వండి. ఒక్కటి మాత్రం వాళ్ళకు చెప్పండి: ఇదే చోట ఒక చిన్న బండి ఆగేది, మీ తాత దిగేవాడు, ఇదిగో ఫొటో. ఈ వంతెన కింద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవో చూడు.

ఆ పెద్దాయన ఇంకా ఆ దారం దగ్గరే ఉన్నారు. ముందుగా ఆయన దగ్గరికే పోయి రాసుకోవడం మొదలుపెడదాం. సెలవు.